ఫ్రిజ్ కొనే ముందు ఐసు తూచాను

రాత్రి రెండున్నరకి పడవలో మెలకువ వచ్చింది. గాలి లేదు, అల లేదు, లంగరు గొలుసు కూడా చప్పుడు చేయడం లేదు. పక్క బల్ల కింద నుంచి మాత్రం ఒక శబ్దం. మా ఫ్రిజ్ కంప్రెసర్ మొదలవబోయి, ఒక్క క్షణం గుర్రుమని, ఆగిపోతోంది. నిమిషం తర్వాత మళ్లీ అదే. టార్చి పట్టుకుని బల్ల పలక ఎత్తి చూస్తే, ఎలక్ట్రానిక్ డబ్బా మీద చిన్న ఎర్ర లైటు ఒకసారి వెలిగి, నాలుగు సెకన్లు ఆగి, మళ్లీ ఒకసారి వెలుగుతోంది. తెల్లారేసరికి పాలు విరిగిపోయాయి.

మర్నాడు ఒక మెకానిక్ వచ్చి చూశాడు. ఐదు నిమిషాలు చెవి పెట్టి విని, కంప్రెసర్ పోయింది, కొత్తది వేయాల్సిందే అన్నాడు. మా ఆయన సరే అనబోయారు. నాకు ఆ లైటు మీదే మనసుంది. ఆ లైటు ఏదో చెప్తోంది కదా, అదేంటో తెలియకుండా కంప్రెసర్ ఎలా మారుస్తాం? మాన్యువల్ తీసి చూశాను. డాన్‌ఫాస్ బీడీ రకం కంప్రెసర్లలో (2010 తర్వాత వీటిని సెకాప్ పేరుతో అమ్ముతున్నారు) లైటు ఎన్నిసార్లు వెలిగితే అది ఒక్కో తప్పుకి గుర్తు. రెండుసార్లయితే ఫ్యాన్ ఎక్కువ కరెంటు లాగుతోందని, మూడైతే మోటారు స్టార్ట్ కాలేకపోతోందని, నాలుగైతే కనీస వేగం అందుకోలేకపోతోందని, ఐదైతే ఎలక్ట్రానిక్ డబ్బా వేడెక్కిందని. ఒక్కసారే వెలిగితే కంప్రెసర్ దగ్గరికి వచ్చే వోల్టేజీ సరిపోవడం లేదని.

మీటరు పెట్టి కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.1 వోల్టులు. కంప్రెసర్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో దాని టెర్మినల్స్ దగ్గర 10.2. మామూలు సెట్టింగులో 12 వోల్టుల సిస్టమ్‌కి 10.4 దగ్గర కట్ అయిపోతుంది, మళ్లీ 11.7 దాటితేనే కలుస్తుంది. మధ్యలో పోయిన ఆ రెండు వోల్టులూ వైరులోనే పోతున్నాయి. బ్యాటరీ నుంచి ఫ్రిజ్ దాకా 7 మీటర్ల దూరం. పాతవాళ్లు వేసింది 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. మాన్యువల్ ప్రకారం 12 వోల్టులకి ఆ వైరు రెండున్నర మీటర్ల దాకే పనికొస్తుంది. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు 4 మీటర్లకి, 6 వైరు 6 మీటర్లకి, 10 వైరు 10 మీటర్లకి. మాకు 10 చదరపు మిల్లీమీటర్లది కావాలి. పైగా ఫ్యూజు పెట్టే డబ్బాలో కాళ్లు ఆకుపచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. వైరు మార్చి, ఫ్యూజు డబ్బా మార్చాం. కంప్రెసర్ అదే. ఆ రాత్రి ఒక్కసారి కూడా ఆగకుండా నడిచింది.

తెల్లారి లేచి బ్యాటరీ మానిటర్ చూశాక అసలు సమస్య బయటపడింది. ఫ్రిజ్ ఒక్కటే 24 గంటల్లో 85 ఆంప్-అవర్లు (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు లాగితే ఒక ఆంప్-అవర్) తాగేసింది. మా దగ్గరున్నవి 200 ఆంప్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు. వాటిలో సగానికి మించి వాడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది, అంటే చేతిలో ఉన్నది 100. లంగరు దీపం, నావిగేషన్, రేడియో, నీళ్ల పంపు అన్నీ మిగిలిన 15తో సరిపెట్టుకోవాలి. సరిపడేది కాదు కాబట్టి రోజూ రెండు గంటలు ఇంజన్ నడిపేవాళ్లం. తెరచాప పడవ తీసుకున్నది గాలితో వెళ్దామని. ఫ్రిజ్ కోసం డీజిల్ తగలబెడుతూ, ఆ వేడిలో ఆ మోతలో కూర్చోవడం నాకు ఎంత మాత్రం నచ్చలేదు.

అప్పటికే ఒకసారి తప్పు చేసి ఉన్నాం. మొదటి పడవలో పెల్టియర్ పద్ధతిలో, అంటే కరెంటు పారితే ఒక పక్క చల్లబడి ఇంకో పక్క వేడెక్కే పలకతో, పనిచేసే చిన్న పెట్టె ఒకటి వాడాం. కంప్రెసర్ లేదు, గ్యాస్ లేదు, శబ్దం లేదు అని ముచ్చటపడ్డాం. అది రోజంతా ఆగకుండా 4 ఆంపియర్లు లాగేది. అంటే రోజుకి 96. అంత తాగీ బయటి కంటే ఓ 20 డిగ్రీలు మాత్రమే తగ్గించేది. బయట 35 ఉంటే లోపల 15. పాలకి 15 డిగ్రీలు చాలవు. గ్యాసు మంటతో నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌లూ ఉన్నాయి గానీ అవి సమతలంగా ఉంటేనే పనిచేస్తాయి. గాలికి ఒక పక్కకి ఒరిగి వెళ్లే పడవలో, అందులోనూ మూసి ఉన్న చోట మంట పెట్టుకుని, వద్దు. ఎవరైనా అడిగితే ఈ రెండింటి గురించి ఆలోచించడమే వద్దంటాను.

కాబట్టి కంప్రెసర్ ఫ్రిజే. మా ఆయన అప్పటికే కొత్త మెషిన్ ఒకటి చూసి పెట్టారు, పాతదానికంటే పెద్దది. "ఏవండీ, లోపలికి ఎంత వేడి వస్తోందో తెలియకుండా ఎంత మెషిన్ కావాలో ఎలా తెలుస్తుంది?" అన్నాను. ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. అందుకే ఐసు తెచ్చాం.

ఈ పరీక్ష గురించి కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే మిగతా అన్ని నిర్ణయాలూ దీని మీదే ఆధారపడ్డాయి. దీనికి కావాల్సింది ఒక తూకం, ఒక కొలత పాత్ర, ఒక రోజు ఓపిక. ఒక కిలో ఐసు కరగాలంటే 93 వాట్-అవర్ల వేడి తీసుకుంటుంది. ఆ లెక్క ఎక్కడికెళ్లినా మారదు. కాబట్టి ఫ్రిజ్ ఆపేసి పెట్టెలో ఐసు వేస్తే, 24 గంటల్లో ఎన్ని కిలోలు కరిగిందో దాన్ని 93తో గుణిస్తే, గోడల గుండా, మూత సందుల గుండా రోజుకి ఎంత వేడి లోపలికి దూరుతోందో తెలిసిపోతుంది. కంప్రెసర్ మంచిదా కాదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. ఇది పెట్టె పరీక్ష.

ముందు రోజే కొంత ఐసు వేసి పెట్టెనంతా చల్లబరిచాను. వేడిగా ఉన్న గోడలతో మొదలుపెడితే మొదటి కొన్ని గంటలు ఐసు గోడల్ని చల్లబరచడానికే కరిగిపోతుంది, లెక్క తప్పుతుంది. మర్నాడు ఆ నీళ్లు తీసేసి, తుడిచి, 15 కిలోల ఐసు వేసి మూత పెట్టి, దాని మీద ఒక కాగితం అంటించాను, రేపు ఇదే టైము దాకా తీయొద్దని. క్యాబిన్లో గంటగంటకీ ఉష్ణోగ్రత రాసుకున్నాను. సగటు 30 చిల్లర. మర్నాడు అడుగున ఉన్న రంధ్రం నుంచి నీళ్లు పట్టి కొలిస్తే 8.4 లీటర్లు. అంటే 781 వాట్-అవర్లు. గంటలతో భాగిస్తే, రాత్రీ పగలూ ఆగకుండా 32 వాట్లకి పైన వేడి లోపలికి వస్తోంది.

మా పెట్టె గోడల వైశాల్యం మధ్యస్థంగా 1.6 చదరపు మీటర్లు, లోపలికీ బయటికీ తేడా 28 డిగ్రీలు. మంచి పాలియురెథేన్ ఫోమ్ 10 సెంటీమీటర్ల మందం ఉంటే ఈ లెక్కన 11 వాట్లే లోపలికి రావాలి. 5 సెంటీమీటర్లయితే 22. రెండున్నరైతే 45. పడవ అమ్మినప్పుడు ఇన్సులేషన్ ఏడున్నర సెంటీమీటర్లు ఉందని చెప్పారు. ఐసు మాత్రం మూడున్నరకి మించి లేదంటోంది.

ఐసు అబద్ధం చెప్పదు కాబట్టి విప్పి చూశాం. లాకరు వైపు నుంచి పలక తీస్తే, పడవ పక్క గోడకి ఆనుకున్న వైపు ఫోమ్ చేత్తో నొక్కితే నీళ్లు కారాయి. ఏళ్ల తరబడి గాలిలోని తేమ వెచ్చటి వైపు నుంచి లోపలికి చేరి, చల్లటి గోడ దగ్గర నీరై, ఫోమ్‌లోనే ఉండిపోయింది. తడిసిన ఫోమ్ ఇన్సులేషన్ కింద లెక్క కాదు. ఆవిరి లోపలికి పోకుండా వెచ్చటి వైపు ఫాయిల్ లాంటి అడ్డం ఒకటి వేసి, అతుకులన్నీ టేపుతో మూసి ఉంటే ఇది జరిగేది కాదు. ఇక మూత: పైకి దళసరిగానే కనిపిస్తుంది, లోపల బోలు. తట్టి చూస్తే డొల్ల శబ్దం. ఇన్నేళ్లూ ఆ మూత మీద ఎన్ని గిన్నెలు పెట్టి ఉంటానో, ఒక్కసారి కూడా తట్టి చూడలేదు.

రబ్బరు పట్టీని పరీక్షించడానికి కాగితం ముక్క చాలు. మూత కింద పెట్టి మూసి లాగాలి. బిగువుగా వస్తే సరే, జారిపోతే అక్కడ సందు ఉన్నట్టు. చుట్టూ పన్నెండు చోట్ల చూశాను, ఐదు చోట్ల జారిపోయింది. రాత్రి టార్చి వెలిగించి పెట్టె లోపల పెట్టి మూత వేశాను. రెండు మూలల్లో వెలుగు గీతలా కనిపించింది. ఇంకో సందు పెట్టె అడుగున ఉంది. నీళ్లు పోయే రంధ్రం. చల్లటి గాలి బరువు. అడుగున కన్నం తెరిచి ఉంటే అది అందులోంచి నెమ్మదిగా జారిపోతూనే ఉంటుంది, ఆ జాగాలోకి పైనుంచి వెచ్చటి గాలి వస్తూనే ఉంటుంది. దానికి ఒక రబ్బరు బిరడా పెట్టాం.

తర్వాత వచ్చింది ఇంట్లో పెద్ద చర్చ. పెట్టె 110 లీటర్లది. బయటి గోడలు పగలగొడితే వంటగది మొత్తం విప్పాలి. లోపలి నుంచి ఇన్సులేషన్ వేస్తే జాగా తగ్గుతుంది. మా ఆయన జాగా పోతుందన్నారు. నేను ఒక వారం పాటు పెట్టెలో ఏముందో రోజూ రాసి ఆయనకి చూపించాను. అడుగున పది రోజులుగా కదలని సీసాలు, ఎందుకు పెట్టామో గుర్తులేని డబ్బాలు. మా ఇద్దరికీ నిజంగా రోజూ కావాల్సింది 50 లీటర్లు దాటదు. వాడని ప్రతి లీటరుకీ గోడ ఉంటుంది, ఆ గోడ గుండా వేడి వస్తుంది.

లోపలంతా 5 సెంటీమీటర్ల ఎక్స్‌ట్రూడెడ్ పాలిస్టైరీన్ పలకలు వేశాం. ఇది ఫోమ్ కంటే వేడిని కొద్దిగా ఎక్కువే పోనిస్తుంది, కానీ నీళ్లు పీల్చదు. మా అనుభవం తర్వాత నాకు ఆ గుణమే ముఖ్యం అనిపించింది. రెండు పొరలుగా, ఒక పొర అతుకు మీద ఇంకో పొర అతుకు రాకుండా వేశాం. రెండు ద్రవాలు కలిపి పోసే ఫోమ్ వాడదామని మొదట అనుకున్నాం గానీ, మూసి ఉన్న చోట అది ఉబ్బేటప్పుడు గోడల్ని వంచేస్తుంది, లోపల ఎక్కడ ఖాళీ మిగిలిందో కనిపించదు. పలక అయితే కళ్ల ముందు ఉంటుంది. లోపలి గాలి తీసేసి మూసిన వాక్యూమ్ ప్యానెళ్లు వీటన్నిటికంటే ఎన్నో రెట్లు మేలు, రెండున్నర సెంటీమీటర్లలోనే 10 సెంటీమీటర్ల ఫోమ్‌కి మించిన పని చేస్తాయి. కానీ వాటిని కోయడానికి లేదు, ఒక్క మేకు గుచ్చుకుంటే వాక్యూమ్ పోయి మామూలు పలకైపోతాయి. కొలతలు ఇచ్చి చేయించుకోవాలి. వాటిని ఒక్క చోటికే అట్టిపెట్టాను, అది చివర్లో చెప్తాను.

పెట్టె 63 లీటర్లకి వచ్చింది. కొత్త మూత, దానికి రెండు వరసల రబ్బరు పట్టీ. మళ్లీ 15 కిలోల ఐసు, మళ్లీ 24 గంటలు. ఈసారి కరిగింది 4.1 కిలోలు, అంటే 16 వాట్లు. లెక్క ప్రకారం 12 రావాలి. మిగతా నాలుగూ మూత అంచుల దగ్గర, పైపులు లోపలికి వచ్చే చోట దూరుతున్నాయని నా అంచనా. అయినా సగానికి సగం తగ్గింది. ఇంకా ఒక్క మెషిన్ కూడా కొనలేదు.

ఇప్పుడు మూత తీసి పెట్టడం గురించి. పడవల్లో ఉండేవాళ్లలో ఇది పెద్ద వాదన. పైమూత పెట్టె మంచిదా, ముందు తలుపు ఫ్రిజ్ మంచిదా అని. తలుపు తీసినప్పుడల్లా చల్లటి గాలంతా కింద పడిపోతుంది, అందుకే ముందు తలుపు వద్దు అంటారు. నేనూ చాలాకాలం అదే నమ్మాను. లెక్కేస్తే వేరే విషయం కనిపించింది. 100 లీటర్ల గాలి బరువు 120 గ్రాములకి దగ్గర. అదంతా బయటికి పోయి, తేమగా ఉన్న వెచ్చటి గాలి లోపలికి వచ్చిందనుకున్నా, దాన్ని చల్లబరచడానికి, అందులోని తేమని నీరు చేయడానికి కలిపి 2 వాట్-అవర్ల వేడి తీయాలి. రోజుకి 20 సార్లు తెరిస్తే 40. అదే 30 డిగ్రీల నీళ్ల సీసా ఒక లీటరుది లోపల పెడితే, దాన్ని 4 డిగ్రీలకి తేవడానికి 30 వాట్-అవర్లు తీయాలి. ఒక్క సీసా పెట్టడం అంటే మూత పదిహేనుసార్లు తెరిచినంత. ఇది తెలిశాక మూత తీసినందుకు ఒకరినొకరు మందలించుకోవడం మానేశాం. తాగే నీళ్లు పగలు ఎండ బాగా ఉన్నప్పుడు మాత్రమే లోపల పెడుతున్నాం, ఆ వేడి తీయడానికి కావాల్సిన కరెంటు అప్పుడు సోలార్ నుంచే వస్తుంది కాబట్టి.

అలాగని ముందు తలుపు ఫ్రిజ్‌లు కొనమని చెప్పడం లేదు. వాటిలో చాలావాటికి గోడలు మూడు నాలుగు సెంటీమీటర్లే ఉంటాయి. తలుపు పట్టీలో చిన్న సందున్నా అడుగు నుంచి చల్లదనం రోజంతా కారిపోతుంది. పైమూత పెట్టెలో చల్లటి గాలి గిన్నెలో నీళ్లలా కూర్చుంటుంది. ఆ తేడా తెరిచినప్పటిది కాదు, మూసి ఉన్న మిగతా 23 గంటలది. చిన్న పడవకి, విప్పి కట్టే పని వద్దనుకునేవాళ్లకి, ఎంగెల్ లాంటి కంపెనీల పైమూత పోర్టబుల్ పెట్టె ఒకటి తాళ్లతో కట్టి పెట్టుకోవడం మంచి దారే.

మెషిన్ విషయానికి వచ్చేసరికి నిర్ణయం తేలికైపోయింది. 16 వాట్లు గోడల నుంచి, సరుకులతో మూతతో కలిపి రోజుకి 160 వాట్-అవర్లు, మొత్తం 540 వాట్-అవర్ల వేడి. బీడీ రకాల్లో చిన్నదైన బీడీ35, అతి తక్కువ వేగంలో కూడా, ఫ్రిజ్‌కి కావాల్సిన చల్లదనం దగ్గర 50 వాట్లకి అటూ ఇటూ వేడి తోడగలదు. రోజులో పది పన్నెండు గంటలు తిరిగితే చాలు. పెద్దది ఎందుకు?

వేగం గురించి ఒక మాట. ఈ కంప్రెసర్లు నిమిషానికి 2000 నుంచి 3500 చుట్ల మధ్య తిరుగుతాయి. థర్మోస్టాట్ వైరులో పెట్టే చిన్న రెసిస్టర్ ఆ వేగాన్ని నిర్ణయిస్తుంది. ఏమీ లేకపోతే 2000, దాదాపు 1500 ఓమ్‌లు పెడితే 3500. మా పాత మెషిన్‌లో ఎవరో ఎక్కువ రెసిస్టర్ పెట్టి వదిలేశారు. త్వరగా చల్లబడుతుందని కాబోలు. నెమ్మదిగా ఎక్కువసేపు తిరిగితేనే కరెంటు ఆదా. ఎందుకంటే పెట్టె లోపలుండే ఎవాపరేటర్ ప్లేటుకి వేడిని పీల్చడానికి, బయటుండే కండెన్సర్‌కి దాన్ని వదలడానికి టైము దొరుకుతుంది, రెండింటి మధ్య ఉష్ణోగ్రత తేడా తగ్గుతుంది. బావి ఎంత లోతుంటే చేద లాగడం అంత కష్టం. ఫ్రిజ్‌కి ఆ తేడానే బావి లోతు.

ఈ బావి మాటే ఇంకో రెండు విషయాల్ని తేల్చింది. ఒకటి, మా ఆయన ఎంతో ఇష్టపడ్డ హోల్డింగ్ ప్లేట్. లోపల ఉప్పు ద్రావణం ఉన్న బరువైన ప్లేటు అది. ఇంజన్ నడిచే గంటలో దాన్ని గడ్డకట్టిస్తే రోజంతా చల్లదనం ఇస్తుంది. రోజూ ఎలాగూ ఇంజన్ నడిపేవాళ్లకి అది బాగుంటుంది. ద్రావణం గడ్డకట్టాలంటే ఎవాపరేటర్ ఇంకా చల్లబడాలి, అంటే బావి ఇంకా లోతు. మేం ఇంజన్ నడపకూడదనే కదా ఇదంతా చేస్తున్నది. పల్చటి ప్లేటునే తీసుకున్నాం. చల్లదనాన్ని ప్లేటులో దాచేకంటే ఎండని బ్యాటరీలో దాచుకోవడం మాకు నయం. ప్లేటు మీద మంచు ఐదారు మిల్లీమీటర్లు పేరుకుంటే చెక్క గరిటెతో కూడా గీకకూడదు, ఫ్రిజ్ ఆపి, దానంతట అది కరిగేదాకా ఆగాలి. ప్లేటుకి కన్నం పడితే గ్యాసంతా పోతుంది.

రెండోది కండెన్సర్ని ఎలా చల్లబరచాలన్నది. సముద్రపు నీటిని పంపుతో తిప్పే పద్ధతి ఉంది, కానీ పంపు కూడా కరెంటు తాగుతుంది, జల్లెడ మూసుకుపోతుంది. పడవ అడుగున బయటికి పెట్టే కంచు కీల్ కూలర్ ఉంది. పంపు లేదు, ఫ్యాన్ లేదు, శబ్దం లేదు, నీళ్లు గాలికంటే చల్లగా ఉంటాయి. వేడి సముద్రాల్లో ఏడాదంతా నీళ్లలోనే ఉండే పడవ అయితే నేను దాన్నే ఎంచుకుంటాను. మాది ఏటా కొన్ని నెలలు ఒడ్డున స్టాండు మీద ఉంటుంది, మేం అప్పుడూ అందులోనే ఉంటాం. నీళ్లు లేకుండా కీల్ కూలర్ పనిచేయదు. పైగా నీటిమట్టం కింద ఇంకో కన్నం పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

కాబట్టి గాలితో చల్లబరిచేదే. దాన్ని పాత చోట మాత్రం పెట్టలేదు. పాత మెషిన్ ఉన్న బల్ల కింద లాకరులో థర్మామీటరు పెట్టి చూస్తే మధ్యాహ్నం 47 డిగ్రీలు. క్యాబిన్లో అప్పుడు 32. ఫ్యాన్ వదిలిన వేడి గాలినే తిరిగి పీల్చుకుంటోంది, అటు గాలి వెళ్లే దారే లేదు. మా 85 ఆంప్-అవర్లలో ఎంత భాగం ఈ మూసిన లాకరు వల్లో కచ్చితంగా విడదీయలేను గానీ, గోడల వేడికి సరుకుల వేడి కలిపి లెక్కేసినా 65 దాటకూడదు. కొత్తదాన్ని కిందకి, బిల్జ్ (పడవ లోపలి అట్టడుగు భాగం) పక్క లాకరులోకి మార్చాం. చల్లటి గాలి బిల్జ్ నుంచి 10 సెంటీమీటర్ల గొట్టంలోంచి వస్తుంది. వేడి గాలి పైన జాలీలోంచి క్యాబిన్లోకి పోతుంది. రెండు దారులూ కలవకుండా మధ్యలో ప్లైవుడ్ పలక అడ్డం పెట్టాం. ఇప్పుడు అక్కడ 35 దాటడం లేదు.

పైపులు ముందే గ్యాసు నింపి, బిగిస్తే చాలు తెరుచుకునే కనెక్టర్లతో వచ్చాయి, కాబట్టి ఏ మెకానిక్ కోసమూ ఎదురుచూడలేదు. మా మెషిన్లో చల్లబరిచే గ్యాసు ఆర్134ఏ అనేది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 1,400 రెట్లు ఎక్కువ, ఒక్క లీకు కూడా చిన్న విషయం కాదు. ఇప్పుడు ఐసోబ్యుటేన్‌తో నడిచే కంప్రెసర్లు వస్తున్నాయి, ఆ విషయంలో అవి ఎంతో మేలు. అది మండే గ్యాసు, గాలి కంటే బరువు, లీకైతే బిల్జ్‌లోకే దిగుతుంది. పరిమాణం కొన్ని పదుల గ్రాములే అయినా గాలి ఆడే చోటే పెట్టుకోవాలి. పాత మెషిన్లో ఒక గ్యాసుకి బదులు ఇంకోటి నింపడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

మొదటి వారం రోజూ పొద్దున్నే మానిటర్ చూసి డైరీలో రాసుకున్నాను: 33, 31, 32, 34, 31, 32, 32. ఎండలు ముదిరాక 38 దాకా వెళ్లింది, అంతకు మించలేదు. మా రెండు 110 వాట్ల ప్యానెళ్లు నీడ పడని రోజున 55 ఆంప్-అవర్లకి పైగా ఇస్తాయి. తెరచాప కొయ్య నీడ ఒక ప్యానెల్ మీద అడ్డంగా పడితే ఆ ప్యానెల్ దిగుబడి సగం కూడా ఉండదు, అందుకే లంగరు వేశాక ఆ కొయ్యని తాడుతో ఒక పక్కకి లాగి కడుతున్నాం. వరసగా మూడు రోజులు మబ్బు పట్టినప్పుడు మాత్రం ఒకసారి ఇంజన్ నడిపాం. నాలుగు నెలల్లో ఫ్రిజ్ కోసం నడిపింది ఆ ఒక్కసారే.

పడవ పక్క గోడ వైపు తడిసిన ఫోమ్ ఇంకా అలాగే ఉంది. చేతికి అందినంత తవ్వి తీశాం, అందని భాగం మిగిలిపోయింది. ఈసారి పడవ ఒడ్డుకెక్కించినప్పుడు లాకరు వెనక పలక పూర్తిగా కోసి, ఆరబెట్టి, అక్కడ ఒక వాక్యూమ్ ప్యానెల్ పెట్టి, మేకు తగలకుండా రెండు పక్కలా పాలిస్టైరీన్ వేయాలని ఉంది. కొలతలు తీసి పెట్టాను: పొడవు 52, ఎత్తు 41, మందం రెండున్నర సెంటీమీటర్లు. అది పెట్టిన మర్నాడు మళ్లీ 15 కిలోల ఐసు తెస్తాను. 4.1 కాస్తా 3.5కి దిగుతుందని నా అంచనా, మా ఆయన 3.2 అంటున్నారు. రెండు అంకెలూ డైరీ చివరి పేజీలో పక్కపక్కనే రాసి ఉన్నాయి.